ఖాళీ చీటీ మీద సంతకం

బేతంచెర్ల,
జూలై 20, ఆదివారం.

ముంతాజ్ ఆపాకు,
నిస్సార్ సలాం.

జరిగిన అన్యాయం ఇది: డాక్టర్ శివజ్యోతి గారిని దొంగను చేశారు. చేసినవాడు ఆసుపత్రి యజమాని దేవేంద్రప్ప. పక్కన నిలబడి తల ఊపినవాడు కర్నూలు పక్కన కల్లూరులో కాపురముండే డాక్టర్ రంగనాథం. క్షేమం అడగకుండా పేర్లతో మొదలుపెట్టినందుకు కోప్పడకు. అమ్మీ బాగుంది. నేను బాగలేను.

నా ఫోను బండల పాలిష్ మిషను కింద నీళ్ల గుంతలో పడింది. తీసేసరికి తెల్లబురద తాగి చచ్చిపోయింది. ఇప్పట్లో కొత్తది కొనను. ఉత్తరమే నయం. ఫోనులో అయితే "డ్యూటీలో ఉన్నా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తావు. కాగితాన్ని పెట్టేయలేవు.

శివజ్యోతి గారు నీకు తెలుసు కదా, మూడేళ్ల కింద దేవేంద్రప్ప పెట్టిన ప్రకృతి వైద్యశాలకు వచ్చిన డాక్టరమ్మ. మట్టి పట్టీలు, ఆవిరి గది, పథ్యం ఆమె చదువు. కానీ మా గనుల మనుషులు మట్టి పూయించుకోవడానికి పోతారా? పొద్దంతా మట్టిలోనే ఉంటారు. నడుము పట్టేస్తేనో, జ్వరం వస్తేనో పోతారు. బోర్డు మీద రంగనాథం పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. మనిషి మాత్రం నెలకొక ఆదివారం కనిపిస్తాడు. మిగతా రోజుల్లో ఆయన పేరున్న చీటీల మీద ఇంగ్లీషు మందులు రాసింది ఈమే. ఊరంతటికీ తెలుసు.

ఇప్పుడు మన దాసన్నకు, అదే, అబ్బాతో కలిసి గనిలో రాయి కోసిన దాసన్నకు, కిడ్నీలు చెడిపోయాయి. ఏడు నెలలుగా అక్కడే నొప్పి బిళ్లలు తిన్నాడు. ఆయన భార్య వెంకటేశ్వరమ్మ పోయి అడిగేసరికి దేవేంద్రప్ప ఏం చేశాడనుకున్నావు? "ఆ అమ్మ డాక్టరు గారి చీటీల పుస్తకం దొంగిలించింది, దొంగ సంతకాలు పెట్టింది" అని జిల్లా వైద్యాధికారికి అర్జీ ఇచ్చాడు. రంగనాథం అవునన్నాడు. ఆమె గదికి తాళం వేశారు.

ఐదున్నరేళ్లు చదివిన మనిషి ఒక బిళ్ల రాయకూడదని ఏ చట్టంలో ఉంది? ఉంటే ఆ చట్టం ఎవరికోసం? మా ఊళ్లో నిలబడని డాక్టర్లకోసమా? నా దగ్గర ఆరోగ్య హక్కు మీద పదకొండు కరపత్రాలున్నాయి. ఒక్కదానిలోనూ దీని సంగతి లేదు. నువ్వు మందుల చదువు చదివినదానివి. విడమరిచి రాయి.

ఇంకొకటి. ఆసుపత్రిలోనే మందుల షాపు ఉంది కదా. కూర్చునేది దేవేంద్రప్ప బామ్మర్ది. వాడు పది కూడా పాసు కాలేదు. గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ చట్రం ఉంది. దానిమీద ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఆ పేరు ఎవరిదో బయటకు లాగాలి.

నీ తమ్ముడు,
నిస్సార్


కడప,
జూలై 27.

తమ్ముడు నిస్సార్‌కు దువా.

నీ ఉత్తరం మా హాస్పిటల్ అడ్రసుకు పంపావు. కౌంటర్లో అందరి ముందూ చింపాల్సి వచ్చింది. ఇకమీదట ఇంటికి రాయి.

అడిగావు కాబట్టి చెబుతాను. కోపం పక్కన పెట్టి చదువు. ప్రకృతి వైద్యం అంటేనే మందులేని వైద్యం. ఆ డిగ్రీ ఉన్నవాళ్లు ఇంగ్లీషు మందులు రాయకూడదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చి అనుమతిస్తే తప్ప. మన దగ్గర వాళ్లకు అలాంటిదేమీ ఉన్నట్టు నాకు తెలియదు. అనుమతి లేకుండా రాస్తే ఎంత మంచి మనసుతో రాసినా తప్పు తప్పే.

ఎవరికోసం ఈ చట్టం అన్నావు. దాసన్న కోసం. ఆయన ఇదివరకే బీపీకి బిళ్లలు వాడుతున్నాడా కనుక్కో. వాడుతుంటే, కొన్ని రకాల బీపీ బిళ్లల పైన రోజూ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల పడితే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. అది తెలియాలంటే శరీరం గురించి చదివితే చాలదు, ఆ మందు గురించి చదవాలి. ఆమె చదివింది వేరే. మంచి మనిషి, సరే. మంచితనం బిళ్లలో కలవదు.

కాబట్టి నీ సభలు, నీ కరపత్రాలు కొంచెం ఆపు. మందుల షాపు జోలికి అసలే పోవద్దు. దానికీ దీనికీ సంబంధం లేదు. విచారణ చేసేవాళ్లు చేస్తారు.

అమ్మీ కంట్లో చుక్కలు రోజూ వేస్తున్నావా? రెండు పూటలా వేయాలి.

మీ ఆపా,
ముంతాజ్


బేతంచెర్ల,
ఆగస్టు 10.

ఆపాకు సలాం.

అమ్మీకి చుక్కలు వేస్తున్నాను. ఆమె కళ్లు మూసుకుని "నీ చెయ్యి రాయి మాదిరి ఉండాది, మెల్లగా" అంటుంది. రాళ్లతో పని చేసేవాడి చెయ్యి మరి.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను. రెండోసారి కర్నూలు బస్సెక్కాను.

దాసన్న పెద్దాసుపత్రిలో ఉన్నాడు. వారానికి రెండుసార్లు రక్తం కడుగుతున్నారు. నన్ను చూసి నవ్వాడు. "ఏమప్పా నిస్సార్, కరపత్రాలు తెచ్చినావా? తేపో రెండు, కాళ్లకు చుట్టుకుంటా. వాపన్నా దిగుతాదేమో" అన్నాడు. బీపీ బిళ్ల వాడుతున్నావా అని అడిగాను. తలగడ కింద నుంచి తీసి చూపించాడు. నాలుగేళ్లుగా వాడుతున్నాడట. "ఆ డాక్టరమ్మకు చెప్పినావా?" అంటే, "అడిగింటే చెప్పేవాణ్ని. నొప్పి యాడుండాది అని అడిగింది, నొప్పి ఉండే తావు చెప్పినా" అన్నాడు.

వెంకటేశ్వరమ్మ వరండాలో నన్ను నిలదీసింది. "నీ మీటింగులో ఆ పిల్ల మంచిదని చెప్తాండావంట. మంచిదే, కాదనను. మా ఇంటికొచ్చి కాళ్లకు మట్టి పట్టీ ఏసి పోయింది. అయితే నా మొగుని కిడ్నీలు ఎవురు తిన్నారో అదీ చెప్పల్ల. మంచోళ్ల పేరు చెప్పి దాన్ని మింగొద్దు." ఆ మాట నా దగ్గరున్న పదకొండు కరపత్రాల్లోనూ లేదు.

అక్కడి నుంచి నేరుగా శివజ్యోతి గారి దగ్గరకు పోయాను. అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు, తప్పించుకోలేదు. "రాయకూడదని నాకు తెలుసు నిస్సార్. మొదటి నెల రాయనన్నాను. దేవేంద్రప్ప గారు సంతకం పెట్టి ఉన్న చీటీలు నా టేబుల్ మీద పెట్టి, సంతకం డాక్టరు గారిది, నీదేం పోతుంది అన్నారు. జ్వరంతో వణికే మనిషి ఎదురుగా కూర్చుంటే రాశాను. తర్వాత అలవాటైంది. అలవాటే నా నేరం" అంది. ఆ చీటీలు ఒక్కటి కూడా తన దగ్గర లేవట. రాసినవన్నీ షాపులో వెనక్కి తీసుకుంటారు, మిగిలినవి తాళం వేసిన గదిలో ఉండిపోయాయి.

నువ్వు చెప్పింది నిజం. ఆమె రాయకూడదు. ఒప్పుకుంటున్నాను, నాకది కష్టంగా ఉన్నా. కానీ నువ్వు సగం నిజం దగ్గర ఆగిపోయావు. ఆ చేతికి కలం ఇచ్చింది ఎవరు? ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి పోయింది ఎవరు? చట్టం ఆమె ఒక్కదాని గుమ్మం దగ్గరకే ఎందుకు వచ్చింది? గుమ్మాల్లో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్నది ఆమెది కాబట్టి.

షాపుకు సంబంధం లేదన్నావు. ఎట్లా లేదు? ఆ రెండు బిళ్లలు ఒకే కడుపులో పడతాయని పట్టుకోవాల్సిన మనిషి ఎవరు? ఫార్మసిస్టు కాదా? చిన్నప్పుడు నాకు నువ్వే చెప్పావు, డాక్టరు పొరపాటు చేస్తే ఆపే చివరి చెయ్యి మాది అని. ఆ చెయ్యి ఆ రోజు ఎక్కడుంది? వచ్చే వారం మా ఫ్యాక్టరీ వాళ్లతో పోయి, ఆ క్యాలెండర్ తీయించి, పేరు అందరి ముందూ చదివిస్తాను. ఆ పేరుగల వాళ్లు ఎక్కడున్నా సరే.

కడప నీళ్లు నిన్ను మెత్తగా చేశాయి ఆపా. కోపం తెచ్చుకో.

నిస్సార్


కడప,
ఆగస్టు 16.

నిస్సార్,

ఆ క్యాలెండర్ తీయవద్దు. నామీద ఏమాత్రం గౌరవం ఉన్నా తీయవద్దు. ఎందుకని అడగవద్దు. దసరాకు వచ్చినప్పుడు చెబుతాను.

ముంతాజ్


బేతంచెర్ల,
ఆగస్టు 24.

ముంతాజ్ బేగం గారికి,
రిజిస్టర్డ్ ఫార్మసిస్టు, కడప.

నమస్కారం.

మీ ఉత్తరం మంగళవారం అందింది. బుధవారం నేనొక్కడినే షాపుకు పోయాను. తలనొప్పి బిళ్ల అడిగాను. బామ్మర్ది లోపలికి పోయినప్పుడు క్యాలెండర్ ఎత్తి చూశాను.

ఫోటోలో మీకు రెండు జడలు. ఆ ఫోటో తీయించడానికి కర్నూలు పోయినరోజు నేను కూడా వచ్చాను. స్టూడియోవాడు దుపట్టా సర్దుకోమంటే మీరు "నా ముఖం సర్టిఫికెట్‌కు, దుపట్టాకు కాదు" అన్నారు. నాకు అప్పుడు పదమూడేళ్లు. ఆ మాట నేను పెద్దయ్యాక కూడా ఎంతోమందికి చెప్పుకున్నాను.

అయితే ఆ ముఖాన్ని గోడకు అద్దెకిచ్చి మీరు కడపలో ఉన్నారు. అందరూ చేసేదే అంటారేమో. మా ఫ్యాక్టరీ పక్క షాపులో ఉండేది కూడా ఎవరో హైదరాబాద్ ఆవిడ సర్టిఫికెట్ అని విన్నాను. అందరూ చేస్తారని నాకు తెలియక కాదు. మీరు చేస్తారని తెలియక.

సంబంధం లేదు, జోలికి పోవద్దు, దసరాకు చెబుతాను. ఇప్పుడు ఆ మూడు ముక్కలూ నాకు అర్థమయ్యాయి. నాకు చట్టం నేర్పిస్తూ రాసిన ఉత్తరంలో మీ పేరు మాత్రం రాయలేకపోయారు.

క్యాలెండర్ మళ్లీ యథాస్థానంలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీ వాళ్లు "ఎప్పుడు పోదాం నిస్సార్?" అంటుంటే మిషను చప్పుడులో వినపడనట్టు నటిస్తున్నాను. నాలుగు రోజులుగా నేనూ దేవేంద్రప్ప ఒకే పని చేస్తున్నాం. ఒకే క్యాలెండర్‌ను కాపాడుతున్నాం. నా జీవితంలో ఇంతకన్నా అసహ్యమైన పని చేయలేదు.

విచారణకు జిల్లా నుంచి అధికారులు సెప్టెంబరు 15, సోమవారం పదకొండు గంటలకు ఆసుపత్రికి వస్తున్నారు. శివజ్యోతి గారి మాట తప్ప ఆమెకు ఇంకే సాక్ష్యం లేదు.

ఇట్లు,
షేక్ నిస్సార్


కడప,
ఆగస్టు 31.

నిస్సార్‌కు,

"గారు" అన్నావు, బాగుంది. ఎవరూ ఇప్పటిదాకా అంత గట్టిగా కొట్టలేదు.

ఈ కాగితం తిప్పి చూడు. చూశాక మళ్లీ ఇటు తిప్పి చదువు.

చూశావు కదా. పైన రంగనాథం పేరు, డిగ్రీ, కల్లూరు అడ్రసు అచ్చు. కింద నీలి సిరాతో ఆయన సంతకం. నడుమ ఖాళీ. తేదీ ఖాళీ. రోగి పేరు ఖాళీ. నాకు ఇది ఎలా వచ్చిందో చెబుతాను.

మూడు నెలలకొకసారి అమ్మీని చూడటానికి వస్తాను కదా. సాయంత్రం "శిల్పను పలకరించి వస్తా" అని స్నేహితురాలి పేరు ఇంట్లో చెప్పి పోయేది ఆ షాపుకే. రిజిస్టర్లో మూడు నెలల సంతకాలు ఒక్కసారే కూర్చుని పెట్టేదాన్ని. ఈ మార్చిలో పోయినప్పుడు రంగనాథం అక్కడే ఉన్నారు. టీ తాగుతూ, ఫోనులో ఎవరితోనో ప్లాటు బేరం మాట్లాడుతూ, చీటీల పుస్తకం మొత్తం సంతకాలు పెట్టుకుంటూ పోయారు. ఒక్క కాగితం వంక కూడా చూడలేదు. నేను పక్క కుర్చీలో రిజిస్టర్ మీద సంతకాలు పెడుతున్నాను. ఇద్దరి కలాలూ ఒకే చప్పుడు. దేవేంద్రప్ప నవ్వి "ఇద్దరూ పోటీ పడతాండారు" అన్నాడు. నేనూ నవ్వాను.

నా కొత్త అడ్రసు రాసివ్వమని ఆ పుస్తకంలోంచే రెండు కాగితాలు చింపి ఇచ్చాడు. ఒకటి రాసిచ్చాను. ఇంకొకటి బ్యాగులో ఉండిపోయింది.

అద్దె ఎవరికోసం తీసుకున్నానని అడగకు. చెబితే సాకు అవుతుంది. ఒక్క సంగతి మాత్రం నిజం. నేను ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, దాసన్న రెండోసారి బిళ్లలకు వచ్చినప్పుడు "ఇంకేం వాడుతున్నావన్నా?" అని అడిగేదాన్ని. రోజుకు వందమందిని ఇక్కడ అడుగుతున్నాను, నోరు దానంతట అదే అడుగుతుంది. అక్కడ అడగాల్సిన నోరు ఫోటోలో ఉంది. శివజ్యోతికి ఆ మందు చదువు లేదు. నాకుంది. ఆమె తన హద్దు దాటింది, నేను నా హద్దులోకి రానే లేదు. నిన్ను ఆగమని రాసిన ప్రతిసారీ ఇది తెలిసే రాశాను.

ఇప్పుడు నువ్వేం ఆలోచిస్తావో నాకు తెలుసు. ఈ చీటీ చూపిస్తే చాలు, ఆపా పేరు రాకుండా గడిచిపోతుంది అనుకుంటావు. అందుకే నా నేరం ఇదే కాగితం వెనక రాశాను. అది చూపించినవాడు ఇదీ చూపించాలి. చింపి రెండు చేయలేవు.

ఫార్మసీ కౌన్సిల్‌కు కూడా రాశాను. రిజిస్ట్రేషన్ ఆపేస్తారు, ఇక్కడి ఉద్యోగం పోతుంది. మా ఆయనకు చెప్పాను. మూడో రోజు "ఏ రైలుకు పోతావు?" అన్నాడు.

14న నంద్యాలలో ఆగి, 15 పొద్దున ప్యాసింజరుకు దిగుతాను. సంతకం పెడుతుంటే చూసిన సాక్షిని నేనే. ఆ క్యాలెండర్ నేనే తీస్తాను.

నీ కరపత్రంలో తప్పు చేసినవాళ్ల పేర్లు రాస్తావు కదా. నాది మొదట రాయి.

ముంతాజ్


బేతంచెర్ల,
సెప్టెంబరు 7.

ఆపాకు,

మళ్లీ ఆపా అనే రాస్తున్నాను. ఆ "గారు" తీసేసుకుంటున్నాను.

నేను కూడా ఒకటి దాచాను. దాసన్నను మొదటిసారి ఆ ఆసుపత్రికి బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది నేనే. "ఈ డాక్టరమ్మ శానా బాగా చూస్తాది, కర్నూలు దాకా ఎందుకు?" అన్నాను. మొదటి ఉత్తరం అంత కోపంగా రాసింది అందుకే కావచ్చు. నిన్న పోయి ఆయనకు చెప్పాను. "తెలుసు లేప్పా, బండి తోలింది నువ్వే కదా, నాకేం మతిమరుపా" అన్నాడు. తర్వాత చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. వెంకటేశ్వరమ్మ మాత్రం "వస్తా. నీకోసం గాదు, ఆ కిడ్నీలు తిన్నోళ్ల మొగాలు చూడల్ల" అంది.

శివజ్యోతి గారిని అడిగాను, మీ పేరు కూడా రాయనా అని. "రాయకపోతే నేను రాను" అంది.

నీ కాగితం ప్రింటింగ్ షాపుకు తీసుకుపోయి రెండు వైపులా జిరాక్సు తీయించాను. అసలుది అమ్మీ పెట్టెలో ఉంది. ఏం కాగితం అని అడిగితే చదివి వినిపించాను. చివరిదాకా విని, "దాని ఫోటో ఆ గోడ మీద నుంచి తీసుకురా. మన ఇంట్లో పెట్టుకుందాం" అంది.

కరపత్రం కింద రాస్తున్నాను. దీన్ని దిద్దవద్దు. ఇదివరకే అచ్చుకు ఇచ్చేశాను.

*

బేతంచెర్ల గనుల, బండల ఫ్యాక్టరీల కార్మికులకు, వాళ్ల ఇళ్లవాళ్లకు:

దాసన్న కిడ్నీలు దేవుడు తీసుకోలేదు. తీసుకున్నవాళ్లకు పేర్లున్నాయి.

ముంతాజ్ బేగం, ఫార్మసిస్టు, నా సొంత అక్క. తాను లేని షాపుకు తన సర్టిఫికెట్ అద్దెకిచ్చింది. డాక్టర్ శివజ్యోతి, ఇంగ్లీషు మందులు రాసే అధికారం తనకు లేదని తెలిసి రాసింది. ఈ ఇద్దరూ ఒప్పుకున్నారు, శిక్షకు సిద్ధంగా ఉన్నారు. డాక్టర్ రంగనాథం, రోగి ముఖం చూడకుండా ఖాళీ చీటీల మీద సంతకాలు అమ్మాడు. దేవేంద్రప్ప, ఒకరి సంతకాన్ని, ఇంకొకరి చేతిని, మూడోవాళ్ల ఫోటోను కలిపి దానికి ఆసుపత్రి అని పేరు పెట్టాడు. ఈ ఇద్దరూ ఒప్పుకోలేదు. దాసన్నను అక్కడికి తీసుకుపోయినవాడు, ఈ కరపత్రం రాసినవాడు, నిస్సార్.

చట్టం వద్దని మేం అనడం లేదు. అది ఒక్కరి మీదకే రావద్దంటున్నాం. మందు రాయకూడనివాళ్లు రాయకూడదు. రాయాల్సినవాళ్లు మన ఊళ్లో కూర్చోవాలి. ప్రభుత్వ డాక్టరు రోజూ ఉండాలి. షాపులో సర్టిఫికెట్ ఎవరిదో ఆ మనిషే నిలబడి మందు ఇవ్వాలి. మట్టిలో బతికేవాళ్లకు ఏదైనా చాలు అనే లెక్క ఇక చెల్లదు.

ఖాళీ చీటీ మా దగ్గర ఉంది. మీ దగ్గర రాసిన చీటీలు ఉంటాయి, గూట్లోనో, బియ్యం డబ్బా కిందనో, షాపువాడికి ఇవ్వకుండా మిగిలినవి. ఒక్కటి ఉన్నా పట్టుకురండి. తేదీలు చూద్దాం. రంగనాథం మన ఊళ్లో లేని రోజుల్లో ఆయన సంతకం ఎన్నిసార్లు మందిచ్చిందో అధికారుల ముందు గట్టిగా చదువుదాం.

సెప్టెంబరు 15, సోమవారం. ఆ పూట మిషన్లు ఆపండి. పొద్దున తొమ్మిదిన్నరకు రైల్వే స్టేషన్ ముందుకు రండి. నంద్యాల ప్యాసింజరులో మా ఆపా దిగుతుంది. ఆమెను నడుమ పెట్టుకుని ఆసుపత్రి దాకా నడుస్తాం. తొమ్మిదిన్నరకు. చీటీలతో.